కొండ మీద కంప్యూటర్ నిద్ర లేవలేదు

ఆ ఉదయం ఆకాశం కిందికి దిగి కొండ మీద కూర్చుంది. ఐదు రోజులుగా ఆగి ఆగి కురిసిన వాన తెల్లవారేసరికి కాస్త తెరిపి ఇచ్చింది గానీ, మబ్బు మాత్రం లేవలేదు. తడిసిన దుప్పటిలా కొండ నడుము దాకా జారి అక్కడే ఆగిపోయింది. దాని కింద నుంచి కొండ పాదం, పాదాన పద్దెనిమిది ఇళ్ళు, వాటి ముందు మలుపు తిరిగే రోడ్డు కనిపిస్తున్నాయి. ఆ పైన ఏముందో, ఎలా ఉందో తెలియదు.

ఆమె పనిచేసే ఆఫీసు ఆ ఇళ్ళకు మూడు కిలోమీటర్ల దూరంలో, వంతెన దాటాక ఉన్న ఒంటిగది. ఒక బల్ల, ఒక కంప్యూటర్, గోడకు బిగించిన ఇనప డబ్బా. డబ్బాలో ఎర్ర మీట. మీట దించితే ఇళ్ళ మధ్య నిలబెట్టిన స్తంభం మీద సైరన్ మోగుతుంది. కొండ కదులుతోందా లేదా అని రోజుకు మూడుసార్లు చూడడం, కదిలితే మీట దించడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఆ పద్దెనిమిదిలో పైనుంచి మూడోది ఆమె అత్తగారిల్లు. భర్త లారీ మీద నాలుగు రోజుల ప్రయాణంలో ఉన్నాడు. ఇంట్లో అత్తయ్య, మామయ్య, ఎనిమిదేళ్ళ కూతురు ఉన్నారు.

కొండ నడుము మీద, ఇప్పుడు మబ్బు మింగేసిన చోట, ఒక ఇటుక గది ఉంది. వాలులో పాతిన ఇనప కడ్డీల మధ్య తీగలు లాగి కట్టారు. నేల జరిగితే తీగ సాగుతుంది. ఎంత సాగిందో గదిలోని చిన్న పెట్టె రాత్రీ పగలూ రాసుకుంటుంది. ఆ రాత చదవగలిగింది పక్కనున్న డెస్క్‌టాప్ ఒక్కటే. సర్వేకి వచ్చినవాళ్ళు వదిలేసి వెళ్ళిన పాత కంప్యూటర్ అది. అక్కడ కరెంటు లైను లేదు, సోలార్ పలకా రెండు బ్యాటరీలే దిక్కు. వానాకాలంలో ఆ బ్యాటరీలు డెస్క్‌టాప్‌ను రోజంతా మొయ్యలేవు. అందుకని దాన్ని నిద్రపుచ్చి ఉంచి, అవసరమైనప్పుడు కింద నుంచి రేడియో మీద లేపుతారు.

ఆ లేపడానికి ఆఫీసులో ‘మేలుకొలుపు’ అని పేరు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ పన్నెండు అక్షరాల సొంత పేరొకటి ఉంటుంది. మేలుకొలుపు ఆ పేరును ఊపిరి తీసుకోకుండా పదహారు సార్లు పిలుస్తుంది. కంప్యూటర్ నిద్రపోయినా కార్డు ఒక చెవి తెరిచే ఉంచుతుంది. తన పేరు వినపడగానే కంప్యూటర్‌ను తట్టి లేపుతుంది.

ఏడు గంటలకు ఆమె మేలుకొలుపు పంపింది. పైనుంచి పలుకు లేదు.

ఒక్కోసారి బద్ధకిస్తుందిలే అనుకుని రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పంపింది. మళ్ళీ పంపింది. నాలుగోసారి కూడా పలుకు లేదు. కొండ మామూలు రోజుల్లో వారానికి ఒక మిల్లీమీటరు కదులుతుంది. నిన్న సాయంత్రం ఐదింటికి చూసినప్పుడు ఒక్క పగటిలో మూడు కదిలింది. ఐదు దాటితే పై అధికారులకు చెప్పాలి. పది దాటితే మీట దించాలి. రాత్రంతా వాన కురిసింది. ఇప్పుడది నాలుగా, నలభయ్యా?

మీట దించేసి మంచంలో ఉన్నవాళ్ళను కూడా పరుగెత్తించవచ్చు. కానీ ఆ పని ఆమె పోయిన నెలే చేసింది. ఓ మధ్యాహ్నం లెక్క ఒక్కసారిగా ఇరవై రెండుకు ఎగిరితే వెనకా ముందూ చూడకుండా సైరన్ వేసింది. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని వానలో పరుగెత్తారు. పై ఇంటావిడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తీరా చూస్తే ఏ జంతువో తీగకు వీపు రుద్దుకుని కడ్డీని వంచేసింది. కొండ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆనాటి నుంచి ఆమె పేరు సైరన్. “సైరనమ్మా, ఇవాళ బట్టలు ఆరేసుకోమంటావా, మూటలు కట్టుకోమంటావా?” అని అడగని రోజు లేదు. మూడు లెక్కలు వరసగా చూడనిదే మీట మీద చెయ్యి వెయ్యవద్దని ఆఫీసరు కాగితం మీద రాసిచ్చాడు. అది బల్ల అద్దం కింద ఉంది.

ఇంకోసారి వేసి అదీ ఉత్తదే అయితే ఆ తర్వాత ఎవరూ గుమ్మం దిగరు. కొండ నిజంగా వచ్చే రోజున కూడా దిగరు. ఆమెను ఊపిరాడనివ్వకుండా పట్టుకున్న భయం అదే.

ఏడూ ఇరవైకి పట్నంలో ఉన్న మెకానిక్‌కు ఫోన్ చేసింది. ఆ డెస్క్‌టాప్‌ను కొండ మీద బిగించింది అతనే. ఆమెను చెల్లెమ్మా అంటాడు. ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు అతనికీ తెలుసు.

“చెప్పు సైరన్ చెల్లెమ్మా. పొద్దున్నే నన్ను కూడా పరుగెత్తిస్తావా?”

“కంప్యూటర్ లేవడం లేదన్నయ్యా.”

“ముసలిది కదమ్మా, వానకు ముసుగుతన్ని పడుకునుంటుంది. పిలవకపోయావా?”

“పదకొండు సార్లు పిలిచాను.”

ఆ గొంతులో ఏం విన్నాడో, అతను నవ్వు ఆపేశాడు. అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

“సరే. ఒక్కొక్కటే చూద్దాం. రేడియో పలుకుతోందా?”

గదిలోని రేడియో వెంటనే పలికింది. అంటే బ్యాటరీలు బతికే ఉన్నాయి, పిడుగు పడలేదు. పిలవాల్సిన పేరు సరిగ్గా ఉందా? పన్నెండు అక్షరాలూ ఆమె పైకి చదివింది. అతను తన పుస్తకంలో రాసుకున్న వాటితో పోల్చి చూసుకున్నాడు. ఒక్కటీ తేడా లేదు.

“రేడియో పేజీ తెరువు. అందులో నాలుగు గడులుంటాయి. మూడోది మన కంప్యూటర్ తీగ వచ్చే గడి. వెలుగుతోందా?”

“లేదు. చీకటిగా ఉంది.”

“లేదా?” అన్నాడతను మెల్లగా. “నిద్రలో ఉన్నా ఆ గడి వెలగాలి చెల్లెమ్మా. గుడ్డిదీపంలాగైనా వెలగాలి. చెవి తెరుచుకుని ఉందనడానికి గుర్తు అదే. వెలగలేదంటే తీగైనా ఊడి ఉండాలి, కంప్యూటర్‌కు కరెంటైనా అందకుండా పోయి ఉండాలి. కిందికి జరుపు, రాత ఉంటుంది చూడు. ఆ గడి ఎప్పుడు ఆరిపోయింది?”

ఆమె జరిపింది. సన్నటి అక్షరాల్లో ఒక్క వరుస ఉంది. మూడో గడి, నిన్న సాయంత్రం, ఐదు గంటల యాభై రెండు నిమిషాలు.

“ఆ టైముకు పైన ఎవరున్నారు?” అన్నాడతను.

ఆమె ఆ టైమును కాగితం మీద రాసుకుంది.

“ఎలక కొరికితే తీగ మినుకుమినుకుమంటూ పోతుంది. ఇది కత్తితో కోసినట్టు ఒక్కసారే పోయింది. మనిషి చెయ్యి పడింది చెల్లెమ్మా. తాళం ఎవరి దగ్గరుంటుంది?”

తాళం ఎవరి దగ్గరుంటుందో ఆమెకు తెలుసు. వంటింటి గోడకు, అద్దం పక్కన, మామయ్య చొక్కా తగిలించే మేకుకే ఉంటుంది. వారానికోసారి పైకెక్కి సోలార్ పలక తుడిచి, గది ఊడ్చి రావడం మామయ్య పని. మూడేళ్ళుగా ఒక్క వారం కూడా తప్పలేదు. నిన్న రాత్రి ఏడవుతుండగా మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, ఎవరూ అడక్కుండానే “పలక తుడిచి వచ్చా” అన్నాడు. వానలో తడుస్తున్న పలకను తుడవడమేమిటని అప్పుడు ఆమెకు తట్టలేదు. అడక్కుండా ఒక్క ముక్క మాట్లాడని మనిషి తనంతట తాను ఎందుకు చెప్పాడా అని కూడా తట్టలేదు.

అతన్ని లైన్లోనే ఉంచి, ఆఫీసులోని రెండో ఫోన్‌తో ఇంటికి చేసింది. అత్తయ్య ఎత్తింది.

“ఏమ్మా, అన్నం డబ్బా మర్చిపోయావా?”

“మామయ్యకివ్వండి అత్తయ్యా.”

“ఎందుకూ? గొంతు అలా ఉందేం?”

“ఇవ్వండి.”

ఫోన్ చేతులు మారింది. మామయ్య ఫోన్లో ముందుగా హలో అనడు. ఊపిరి మాత్రం వినపడుతుంది. మామగారిని నిలదీసి ఒక మాట అడగడం ఈ పదేళ్ళలో ఆమెకు ఇదే మొదటిసారి.

“మామయ్యా, నిన్న సాయంత్రం కంప్యూటర్ దగ్గర ఏమైనా ముట్టుకున్నారా?”

“లేదే.”

అవతల కూతురు బడికి జడ వేయించుకుంటూ కుయ్యో మొర్రోమనడం వినపడుతోంది.

“మామయ్యా, నాకు భయంగా ఉంది” అంది. “నిన్న పగలు మూడు కదిలింది. మీకు చెప్పలేదు. రాత్రి ఎంత కదిలిందో తెలియడం లేదు. ఆ పెట్టె పలకడం లేదు.”

ఆయన మనుషులకు దూరంగా జరిగి, పెరటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

“నీలం తీగ పీకాను. గోడ మీద స్విచ్చి కూడా ఆపాను.”

“ఎందుకు మామయ్యా?”

“నేను లోపలుండగానే అది దానంతటదే లేచి గుర్రుమంది, ఐదింటికి. ఎవరూ ముట్టుకోకుండానే లేచింది. గంటసేపు దాని ముందే కూర్చున్నా. పోయిన నెలా ఇలాగే లేచి నీ చేత ఆ పని చేయించింది గదా అనిపించింది. టీ కొట్టు దగ్గర నేను కనబడితే చాలు, అందరూ నోటితో సైరన్ కూత పెడుతున్నారు. నన్నంటే పడతాను.” ఆగాడు. “దాని నోరు మూస్తే నీకీ పేరు పోతుందనుకున్నానమ్మా.”

ఐదింటికి దాన్ని లేపింది తనే. ఆ మాట ఆమె పైకి అనలేదు.

“వెళ్ళి పెట్టొస్తాలే” అన్నాడాయన.

వద్దు అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఐదు రోజులు నానిన కొండ మీదికి అరవై ఆరేళ్ళ మనిషిని పంపుతారా ఎవరైనా? కానీ లెక్క తెలియాలి. లెక్క తెలియకపోతే పద్దెనిమిది ఇళ్ళు. ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ మౌనాన్నే ఆయన సరేనన్నట్టు తీసుకున్నాడు. ఫోన్ అత్తయ్య చేతికి వచ్చింది.

“గొడుగైనా లేకుండా ఎటు వెళ్తున్నాడే ఈయన? అడిగితే పలకడేం?”

“అత్తయ్యా, పాపను తీసుకుని మీరు ఇప్పుడే వంతెన దాటి, మా ఆఫీసు పక్కనున్న బడికి వచ్చెయ్యండి.”

“వచ్చేదేముంది, తొమ్మిదిన్నరకు ఎలాగూ... ఏమిటే, మళ్ళీనా?” అత్తయ్య గొంతు తగ్గించింది. “మనం ఒక్కళ్ళమే ఇల్లు వదిలి పోతే పక్కవాళ్ళు ఏమనుకుంటారు? చెప్పే మాటైతే అందరికీ చెప్పు. లేకపోతే మా ఒక్కళ్ళకీ చెప్పకు.”

తప్పు పట్టడానికి ఏమీ లేదు ఆ మాటలో.

కొండెక్కడానికి ఆరోగ్యవంతుడికి నలభై నిమిషాలు. మామయ్యకు గంట. ఆయన జేబులో ఫోన్ ఉన్నా గది దగ్గర అందదు, పాతిక అడుగులు కిందికి దిగి ఒక బండ మీద నిలబడితేనే అందుతుంది. ఆమె కిటికీ దగ్గర నిలబడింది. మబ్బు అంచు దగ్గర ఒక నల్లటి చుక్క కదిలినట్టనిపించింది. రెప్ప వేసి చూస్తే లేదు. ఒకసారి మీట దగ్గరికి వెళ్ళి డబ్బా తలుపు తెరిచింది, మళ్ళీ మూసింది. బల్ల మీద అన్నం డబ్బా అలాగే ఉంది.

ఎనిమిదీ యాభైకి మూడో గడి వెలిగింది.

కుర్చీలో కూలబడి మేలుకొలుపు పంపింది. రెండు నిమిషాలు చూసింది. లేవలేదు. మెకానిక్ లైన్లోనే ఉన్నాడు. పొద్దుటి నుంచి ఫోన్ పెట్టెయ్యలేదు పాపం.

“వెలిగింది అన్నయ్యా, అయినా లేవడం లేదు!”

“స్విచ్చి కూడా ఆపాడన్నావు గదా. కరెంటు మొత్తం పోయి వచ్చిందంటే ఆ కార్డు చెవిటిదైపోతుంది. ఒకసారి మనిషి చేత్తో బొత్తాం నొక్కి లేపితే గానీ దానికి వినికిడి రాదు. ఈ ముసలి కంప్యూటర్లకు ఉన్న రోగమే అది. ముందు వైపు బొత్తాం ఉంటుంది, ఒక్కసారి నొక్కమను. లేవగానే లెక్క దానంతటదే కిందికి పంపుతుంది.”

ఇంతలో రెండో ఫోన్ మోగింది. మామయ్య. ఊపిరి ఈదురుగాలిలా కొడుతోంది.

“తీగ పెట్టాను. స్విచ్చి వేశాను. పలికిందా?”

“ఇంకా లేదు మామయ్యా. బాగున్నారా?”

“బాగానే ఉన్నా. మబ్బులో నా చెయ్యే నాకు కనపడ్డం లేదు. తలుపే కాసేపు సతాయించింది. నిన్న బాగానే వచ్చింది, ఇవాళ పై మూల పట్టేసింది. వానకు ఉబ్బినట్టుంది. భుజం పెట్టి నెట్టాను.”

బొత్తాం సంగతి చెప్పబోతున్న ఆమె ఆగిపోయింది.

ఆ తలుపు ఆమెకు తెలుసు. బిగించిన రోజు తనూ పైన ఉంది. నలుగురు మనుషులు తాడు కట్టి కొండెక్కించారు దాన్ని.

“మామయ్యా” అంది. “ఆ తలుపు ఇనప రేకుది కదా?”

“అవును” అన్నాడాయన.

“ఇనుము ఉబ్బదు మామయ్యా.”

తలుపు ఉబ్బలేదు. గుమ్మం వంగింది. గుమ్మం వంగిందంటే గోడ ఒరిగింది. గోడ ఒరిగిందంటే కింద నేల జరిగింది. ఒక్క రాత్రిలో. ఈ మాటలేవీ వాళ్ళిద్దరూ అనుకోలేదు. అనుకోవలసిన పని లేదు.

“దిగి రండి. ఇటు కాదు, అటు వైపు మేకల దారిలో దిగండి. ఇప్పుడే. పరుగెత్తండి.”

“మరి నీ లెక్క?”

“లెక్క వద్దు.”

“లెక్క లేకుండా వేస్తే మళ్ళీ నిన్నే అంటారు గదమ్మా.”

“అననివ్వండి! రండి మామయ్యా!”

“చేత్తో లేపాల్సి ఉంటుందా? ముందు వైపు గుండ్రంగా ఉంటుంది, అదేనా?”

“మామయ్యా, నేను చెప్పను. మీరు రండి.”

“అదే అయ్యుంటుంది” అన్నాడాయన తనలో తాను. లైను తెగిపోయింది.

ఆమె లేచి మీట దించేసింది.

మూడు కిలోమీటర్ల అవతల సైరన్ లేచింది. కిటికీ అద్దం సన్నగా వణికింది. కొండ పాదాన ఇళ్ళ ముందుకు మనుషులు రావడం చీమల్లా కనిపించింది. వచ్చి నిలబడ్డారు. అంతే. రోడ్డెక్కిన చీమ ఒక్కటి కూడా లేదు.

అర నిమిషంలో ఆఫీసరు ఫోన్.

“ఏమిటిది? లెక్క ఎంత వచ్చింది?”

“లెక్క రాలేదు సార్.”

“రాకుండానే వేశావా? మూడు లెక్కలు చూడమని రాసిచ్చానా లేదా? దేన్ని చూసి వేశావు?”

“తలుపు సార్.”

“తలుపేంటి?”

“పైన గది తలుపు పట్టేసింది సార్. ఇనప తలుపు.”

“మతిపోయిందా నీకు? ఆపు ముందు.”

“ఆపను సార్” అంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకు అనుమానమేసింది. ఫోన్ పక్కన పెట్టేసింది. అది బల్ల మీద పడుకుని అరుస్తూనే ఉంది.

ఆమె మెకానిక్ లైను పెట్టెయ్యగానే అదే ఫోన్‌కు అత్తయ్య చేసింది. సైరన్ మోతలో మాట సగమే వినపడుతోంది.

“అందరూ గుమ్మాల్లో నిలబడి నవ్వుతున్నారే! పై ఇంటావిడైతే కట్టు కట్టిన చెయ్యి చూపించి, ఈసారి రెండోది విరగ్గొట్టుకోమంటుందా మీ కోడలు, అంటోంది. పాపను చంకనేసుకున్నాను. ఏం చెయ్యమంటావు?”

అప్పుడు ఆమె ఎదుటి తెర మీద కొండ లెక్క వచ్చే గడి పచ్చబడింది.

డెస్క్‌టాప్ లేచింది. ఆయన నొక్కాడు. రాత్రి పెట్టె రాసుకున్నదంతా వరసగా కిందికి రావడం మొదలుపెట్టింది. ఏడింటికి ఐదు. పదింటికి పదకొండు. అర్ధరాత్రికి ఇరవై. తెల్లవారుజామున నాలుగింటికి ముప్పై ఎనిమిది. ఇప్పుడు అరవై మూడు. చివరి గంటలోనే తొమ్మిది.

ఆమెకు ఏడుపు రాలేదు. సైరన్ ఆపి, దాని పక్కనున్న మైకు తీసింది. మూడేళ్ళుగా వారం వారం ఆ స్తంభం మీద నుంచి ఆమె లెక్క చదువుతుంది. ఒకటి అని, ఒకటిన్నర అని. వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా ఆ మాట చెవిన వేసుకుని తమ పని చూసుకుంటారు.

“లెక్క చదువుతున్నాను” అంది. “అరవై మూడు. మళ్ళీ చెబుతున్నాను, అరవై మూడు. గంటకు తొమ్మిది. ఏమీ తీసుకోకండి. మనుషులు మాత్రం రండి.”

చీమలు కదిలాయి. ముందు ఒకటి, తర్వాత మూడు, తర్వాత రోడ్డు మొత్తం.

ఫోన్ ఎత్తితే ఆఫీసరు ఇంకా ఉన్నాడు. అతనూ ఆ లెక్క విన్నాడు. “పాల వ్యాను పంపుతున్నా, ముసలివాళ్ళకు” అని పెట్టేశాడు.

పది దాటేసరికి అందరూ వంతెన దాటి బడికి చేరారు. ఆమె తలలు లెక్కపెట్టింది, మళ్ళీ పెట్టింది. డెబ్బై ఒకటి ఉండాలి. డెబ్బై ఉన్నారు. కూతురు వచ్చి నడుము వాటేసుకుంది. అత్తయ్య కొండ వైపు తిరిగి నిలబడింది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని.

ఆమె మళ్ళీ తెర ముందుకు వెళ్ళింది. మామయ్య ఫోన్ అందడం లేదు. పైన డెస్క్‌టాప్ మాత్రం ఐదు నిమిషాలకోసారి నమ్మకంగా చెబుతూనే ఉంది. డెబ్బై ఆరు. డెబ్బై తొమ్మిది. ఎనభై ఐదు. ఆయన ఇంకా ఆ గదిలోనే ఉన్నాడా, బయల్దేరాడా, దారిలో ఎక్కడైనా జారాడా, అదొక్కటీ చెప్పదు. పంపింది నేనే, అనుకుంది. వద్దనలేదు నేను. తొంభై ఆరు. నూట పద్దెనిమిది.

పదీ నలభై రెండుకు లెక్క ఆగింది. రేడియో కూడా పలకలేదు. నాలుగు గడులూ ఒక్కసారే ఆరిపోయాయి.

తొమ్మిది లెక్కపెట్టేంతసేపటికి చప్పుడు వచ్చింది. ఉరుములా లేదది. బరువైన బీరువాను ఎవరో నేల మీద ఈడ్చుకుపోతున్నట్టు, ఆగకుండా, చాలాసేపు వచ్చింది. మబ్బు అడుగు నుంచి కొండ ముక్క గోధుమరంగు నాలుకలా బయటికొచ్చి, పై ఐదిళ్ళ మీదుగా రోడ్డు దాకా వచ్చి ఆగింది. పైనుంచి మూడో ఇల్లు ఎక్కడుండేదో ఆమె కళ్ళతో వెతికింది. అక్కడ ఏమీ లేదు.

బడి వరండాలో కట్టు చేతి ఆవిడ నెమ్మదిగా కింద కూర్చుండిపోయింది.

ఆ తర్వాతి రెండు గంటలూ ఎలా గడిచాయో ఆమెకు తర్వాత ఎప్పుడు గుర్తు తెచ్చుకోబోయినా రాలేదు. కొండ అవతలి వైపు దారి వంతెన ఇవతల వచ్చి కలుస్తుంది. ఆ కలిసే చోట అత్తయ్య ఒక రాయి మీద కూర్చుంది. పిలిస్తే రాలేదు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పన్నెండున్నర దాటాక, తుప్పల్లోంచి మామయ్య వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా ఒకటే బురద. ఒక కాలికే చెప్పు ఉంది. నడుస్తున్నవాడు వాళ్ళను చూసి ఆగాడు. అత్తయ్య లేచి, ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచి, అదే భుజాన్ని పట్టుకుని ఏడ్చింది.

“పలికిందా?” అని అడిగాడాయన కోడల్ని.

“పలికింది మామయ్యా.”

ఆయన తల ఊపాడు.

బడి దగ్గర జనం ఆయన చుట్టూ మూగారు. “పెద్దాయన పైకెళ్ళి దాన్ని లేపబట్టే కదా మనం బతికాం” అన్నాడు టీ కొట్టువాడు. సైరన్ కూత పెట్టడంలో మొదటివాడు అతనే. ఎవరో తువ్వాలు కప్పారు. మామయ్య ఎవరి ముఖమూ చూడకుండా, ఉన్న ఆ ఒక్క చెప్పూ విప్పి పక్కన పెట్టాడు. ఆయన ఒకసారి కోడలి వైపు చూశాడు. చెప్పేస్తావా అని అడిగినట్టూ ఉంది, చెప్పేయమన్నట్టూ ఉంది. ఆమె చూపు తిప్పలేదు.

ఆఫీసరు గొడుగు ముడుస్తూ వచ్చాడు. ఆమె ముందు కాసేపు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“రాత్రంతా లెక్క రాకపోవడానికి కారణం రిపోర్టులో రాయాలమ్మా. ఆ తీగ ఎలా ఊడిందో.”

“తిన్నాక రాస్తాను సార్” అంది.

అతను ఆమెను చూశాడు, పక్కనున్న పెద్దాయన్ని చూశాడు. ఇంకేమీ అడక్కుండా తనూ పోయి వరుసలో కూర్చున్నాడు.

బడి వంటగదిలో పెద్ద గిన్నెలో బంగాళదుంపలు, ఉల్లిపాయలు వేసి ఉడికించారు. పాల వ్యాను అతను రొట్టెలు తెచ్చాడు. పిల్లల బల్లలు వరండాలోకి లాగి, డెబ్బై ఒక్కరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వాన మళ్ళీ మొదలైంది. ఇళ్ళు పోయినవాళ్ళూ మిగిలినవాళ్ళూ ఒకే వరుసలో, భుజాలు తగులుతుండగా కూర్చుని తిన్నారు. చెంచాల చప్పుడు, రేకు మీద వాన చప్పుడు మాత్రమే.

మామయ్య అలసిన వేళ్ళతో రొట్టె తుంచబోతే తెగడం లేదు. ఆమె తన పళ్ళెం పక్కన పెట్టి, ఆయన పళ్ళెంలోని రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచి పెట్టింది. ఆయన తల దించుకుని ఒక్కొక్క ముక్కే తిన్నాడు. ఆ తర్వాత ఆమె తన పళ్ళెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.